అనధ్యయనం లేని చదువు

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం మొదట్లో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్లి చదువు చెప్పమంటాడు. నీకు ఇప్పటికే ఏం వచ్చో చెప్పు, ఆ పైది నేను చెబుతానంటాడు ఆయన. నారదుడు మొదలుపెడతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, చివరికి సర్పవిద్య దాకా ఏదీ వదలడు. ఇన్ని వచ్చినా దుఃఖం తీరలేదు, దాన్ని దాటించమని అడుగుతాడు. సనత్కుమారుడు జాబితా మొత్తం ఓపిగ్గా విని, నువ్వు నేర్చినవన్నీ ఉత్త పేర్లేనని తేల్చేస్తాడు.

మాదాపూర్‌లో పదేళ్ల అనుభవం ఉన్న ఏ ప్రోగ్రామర్ రెజ్యూమే తీసినా ఇలాంటి జాబితానే కనిపిస్తుంది. జావా, స్ప్రింగ్ బూట్, యాంగ్యులర్, రియాక్ట్, డాకర్, కుబర్నెటీస్, ఏడబ్ల్యూఎస్, ఈమధ్య వచ్చి చేరిన జెనరేటివ్ ఏఐ. ఒక్కో పేరు వెనక కొన్ని రాత్రులో కొన్ని ఆదివారాలో ఉంటాయి. అవి ఎవరి ఖాతాలోవన్నది మాత్రం రెజ్యూమేలో ఉండదు. ఆఫీసు అడగదు. ఇంట్లోవాళ్లు అడిగి అడిగి మానేస్తారు. సర్పవిద్య దగ్గర నవ్వేవాడు కూడా దుఃఖం మాట దగ్గర కాస్త ఆగుతాడు.

కొత్త టెక్నాలజీని ఆఫీసు వేళలో నేర్చుకోవాలా, సొంత వేళలోనా అన్నది పైకి హెచ్‌ఆర్ పాలసీ వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి వెళితే పాత ప్రశ్నే: చదువు ఎవరికి తీర్చాల్సిన బాకీ? ఉద్యోగం నిలబెట్టుకోవడానికి చదివే చదువుకూ, చదవకుండా ఉండలేక చదివే చదువుకూ ఒకే నియమం సరిపోతుందా?

తెలుగువాళ్లలో మొదటి రకం చదువుకు ఒక పేటే ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల భవనాల్లో ఏడింటి బ్యాచ్ అంటే తెల్లారేసరికే మెట్ల మీద జనం చేరేవారు. గోడ కనపడకుండా ఫ్లెక్సీలు: ఫలానా సార్ డెవాప్స్, ఫలానా సార్ సేల్స్‌ఫోర్స్, డెమో క్లాసు ఉచితం. కింద జిరాక్సు షాపులో కోర్సు మెటీరియల్ స్పైరల్ బైండింగ్‌తో వరసగా పేర్చి ఉంటుంది. సార్ పేరు చెబితే చాలు, తీసిస్తాడు. కరోనా తర్వాత చాలా బ్యాచ్‌లు ఆన్‌లైన్‌కు మారాయి గానీ పద్ధతి మారలేదు. బీటెక్ అయిన పిల్లలతోపాటు, క్లాసు ముగించుకుని అటునుంచి అటే ఆఫీసుకు పరిగెత్తే ఉద్యోగులూ ఆ బెంచీల మీదే కూర్చుంటారు. ఫీజు సొంతది, నిద్ర సొంతది.

1990ల చివర ఇక్కడే కోబాల్ ఒక వెలుగు వెలిగింది. 2000 సంవత్సరం వచ్చేసరికి పాత కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయంతో అమెరికాకు మనుషులు కావాల్సివచ్చారు. కోబాల్ నేర్చుకున్నవాళ్లు విమానం ఎక్కారు. 2000 వచ్చి వెళ్లింది, ఆ గిరాకీ కూడా దాంతోపాటే వెళ్లింది. తర్వాతి తరానికి అదే అనుభవం మరో పేరుతో ఎదురైంది. గూగుల్ 2010లో తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్ మీద చాలామంది పట్టు సాధించారు. 2016లో వచ్చిన రెండో వెర్షన్ పూర్తిగా వేరే నిర్మాణంతో వచ్చింది, దానికోసం దాదాపు మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. 2021తో పాతదానికి సపోర్టే ఆగిపోయింది. కూటి కోసం కోటి విద్యలన్న సామెతకు ఇంతకంటే అక్షరాలా నిదర్శనం దొరకదు. కాకపోతే ఆ సామెతలో విద్యలకు ఎక్స్‌పైరీ డేటు లేదు.

ఈ భారం ఎవరిదన్న ప్రశ్నకు బాగా గట్టిగా జవాబిచ్చినవాడు అంకుల్ బాబ్‌గా పేరుపడ్డ అమెరికన్ ప్రోగ్రామర్ రాబర్ట్ సి. మార్టిన్. 2011లో వచ్చిన ‘ది క్లీన్ కోడర్’ పుస్తకంలో ఆయన వారాన్ని గంటలుగా పంచుతాడు. మొత్తం 168 గంటలు. 40 కంపెనీకి, 20 సొంత చదువుకు, 56 నిద్రకు, మిగిలిన 52 మిగతా బతుకంతటికీ. నీకు నేర్పించడం కంపెనీ బాధ్యత కాదు, డాక్టర్లూ లాయర్లూ చదువుకోవడం లేదా, నువ్వూ చదువుకో అన్నది వాదన.

డాక్టర్ల పోలికను ఒకసారి లెక్కలోకి దింపి చూడాలి. మన దేశంలో 2002 నాటి వైద్య వృత్తి నియమావళి డాక్టరును ఐదేళ్లకు కనీసం 30 గంటలు వృత్తి శిక్షణ కార్యక్రమాలకు హాజరు కమ్మంది. మార్టిన్ లెక్క ప్రకారం అదే ఐదేళ్లలో ప్రోగ్రామర్ చదవాల్సింది 5,200 గంటలు. మంచి డాక్టర్లు 30 గంటలతో సరిపెట్టుకోరు, నిజమే. అయినా వృత్తి తన మనుషుల నుంచి హక్కుగా అడిగేదానికీ, మనిషి ఇష్టంగా ఇచ్చేదానికీ మధ్య ఒక గీత ఉంది. డాక్టరు చేతిలో ప్రాణాలుంటాయి. ప్రోగ్రామర్ చేతిలో చాలాసార్లు ఉండేది ఒక డ్రాప్‌డౌన్ మెనూ.

అలాగని మార్టిన్‌ను పూర్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. కంపెనీ తనకు కావలసిందే నేర్పిస్తుంది. చదువంతా కంపెనీకే అప్పగించినవాడు, రేపు ఏం ఆలోచించాలో నిర్ణయించే పనిని కూడా దానికే అప్పగించినట్టు. సొంత వేళ ఏమివ్వగలదో చెప్పే కథ ఒకటుంది. 1989 డిసెంబరులో నెదర్లాండ్స్‌లో గైడో వాన్ రోసమ్ అనే ప్రోగ్రామర్‌కు క్రిస్మస్ వారంలో ఆఫీసు మూసేస్తున్నారు, ఇంట్లో కంప్యూటర్ ఉంది, చేతిలో పని లేదు. సరదాగా ఒక భాష రాయడం మొదలుపెట్టాడు. అదే పైథాన్. ఈ కథ చెప్పి సెలవుల్లోనూ కోడ్ రాయమని కుర్రాళ్లను ఊదరగొట్టే ఉపన్యాసకులు దాని ముందు సగం చెప్పరు. గైడో అంతకుముందు అదే సంస్థలో ఏబీసీ అనే భాష తయారుచేసే బృందంలో జీతానికి పనిచేశాడు. భాషను ఎలా కట్టాలో, ఎక్కడ కట్టకూడదో అక్కడే నేర్చుకున్నాడు. ఆ చదువు ఆఫీసు వేళలోది. క్రిస్మస్‌కు మిగిలింది ఆట. ఆ ఆటను ఎవరూ అప్రైజల్‌లో అడగలేదు.

మన సంప్రదాయంలో చదువు ఒక రుణం. తైత్తిరీయ సంహిత పుట్టుకతోనే మూడు రుణాలుంటాయంటుంది. దేవతలది యజ్ఞంతో, పితరులది సంతానంతో, ఋషులది చదువుతో తీరుతుంది. ఋషి రుణమంటే ఎవరో ముందుగా కనిపెట్టి, పైసా అడక్కుండా వదిలివెళ్లినదాన్ని వాడుకుంటున్నందుకు పడ్డ అప్పు. ఓపెన్ సోర్స్ మీద బతికే ప్రోగ్రామర్‌కు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. లినక్స్ 1991లో ఒక ఫిన్‌లాండ్ విద్యార్థి హాబీగా మొదలైంది. ఇవాళ కంపెనీల సర్వర్లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. మరి ఆ అప్పు కంపెనీదా, అందులో పనిచేసే ఉద్యోగిదా? లాభం వచ్చేది కంపెనీకి. ఆదివారం కూర్చుని పాచ్ పంపి అప్పు తీర్చేది, అదీ ఎవరైనా తీరిస్తే, ఉద్యోగి.

ఈ ఏర్పాటు ఎంత దూరం పోగలదో 2024 మార్చిలో బయటపడింది. లినక్స్ సిస్టమ్‌లలో చాలావరకు ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీని ఒక ప్రోగ్రామర్ ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే, తీరిక వేళల్లో, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు. కొత్త వెర్షన్ ఆలస్యమవుతోందని మెయిళ్లలో సతాయింపులు మొదలయ్యాయి. సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా మంచివాడిగా మెలిగిన మరో అజ్ఞాత ప్రోగ్రామర్ చేతికి పెత్తనం కొంత ఇచ్చాడు. ఆ వచ్చినవాడే లోపల దొడ్డిదారి పెట్టాడు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ ఒకరు తీగ లాగబట్టి సరిపోయింది. ఒక మనిషి ఖాళీ సమయం మీద ఇంత బరువు పెట్టి, అది అతని అభిరుచి కదా అని ఊరుకోవడం సౌకర్యంగానే ఉంటుంది.

చదువును ధర్మంగా చెప్పిన సంప్రదాయమే దానికి హద్దు కూడా గీసింది. వేదపాఠశాలల్లో అనధ్యయన దినాలుంటాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి లేదా అమావాస్య. ఆ రోజుల్లో కొత్త పాఠం చెప్పరు. ధర్మశాస్త్రాలు ఇంకా పెద్ద జాబితా ఇస్తాయి. ఉరుము ఉరిమినా, దుమ్ము రేగేలా గాలి వీచినా, నక్క కూసినా, గాడిద ఓండ్రపెట్టినా, గౌరవించదగ్గ అతిథి ఇంటికొచ్చినా పాఠం ఆపాల్సిందే. చదువుకుంటున్న కుర్రాళ్లు ఆ గాడిద ఎప్పుడు అరుస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉండేవారేమో! సుందరకాండలో హనుమంతుడు లంకలోని సీత ఎంత చిక్కిపోయిందో రాముడి పక్షంవాళ్లకు చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు. విశ్రాంతి రోజున చదివితే చదువే చిక్కిపోతుందన్నది ఆనాటి శ్రోతలకు వివరించనక్కర్లేని సంగతి.

మనుస్మృతి ఇందులో ఒక మినహాయింపు పెట్టింది. రోజూ చేసుకునే స్వాధ్యాయానికి, అంటే వచ్చినదాన్ని మననం చేసుకోవడానికి, అనధ్యయనం వర్తించదు. వేదాంగాలకూ వర్తించదు. ఆపమన్నది ప్రధానంగా వేదపాఠాన్ని. ఈ తేడా చాలా తెలివైనది. చేతిలో ఉన్న పనిముట్టును పదును పెట్టుకోవడానికి రోజూ కాసేపు చాలు, అందులో బరువు లేదు. నెత్తిన కొత్త మూట ఎత్తుకోవడానికి మాత్రం మనిషికి తెరిపి కావాలి.

నెలకు రెండు పక్షాలు, పక్షానికి నాలుగు రోజులు, మొత్తం ఎనిమిది అనధ్యయనాలు. ప్రోగ్రామర్‌కు శని, ఆదివారాలు కలిపి నెలకు దొరికే సెలవులూ దాదాపు ఎనిమిదే. వీకెండ్ బ్యాచ్ సరిగ్గా ఆ ఎనిమిది రోజులకోసమే పుట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ స్వాధ్యాయం పుట్టుకను బట్టి కొందరికే దక్కింది, మిగతావాళ్లకు చెవిన పడటమే తప్పన్నారు. అమీర్‌పేట క్లాసులో ఫీజు కట్టినవాడిని కులం అడిగి బయటికి పంపరు. పాలమూరు నుంచో పలాస నుంచో వచ్చి ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉండి నాలుగు నెలల్లో ఇంటి దశ మార్చుకున్న పిల్లలకు ఆ ఆదివారాలు దోపిడీగా కనిపించవు, కనిపించాల్సిన అవసరమూ లేదు. వాళ్లింకా ఎవరి ఉద్యోగులూ కారు. ప్రశ్న మొదలయ్యేది ఆఫర్ లెటర్ వచ్చాకే.

యూదుల ధర్మశాస్త్రం దీన్ని మరోవైపు నుంచి పట్టుకుంది. 12వ శతాబ్దంలో మైమనిడీస్ క్రోడీకరించిన నియమాల్లో కూలివాడికి ఒక నిషేధం ఉంది: రాత్రంతా సొంత పని చేసుకుని, పగలు మరొకరి దగ్గర కూలికి వెళ్లకూడదు. ఆకలితో మాడి తన తిండి పిల్లలకు పెట్టి పనికి రాకూడదు కూడా. రెండు చోట్లా పని పలచబడుతుంది, అది యజమాని సొమ్ము దొంగిలించడమే. వినడానికి యజమాని పక్షపాతంలా ఉంది. కానీ తిరగేసి చూస్తే, విశ్రాంతి తీసుకోవడం కూలి ఒప్పందంలో భాగమన్నమాట. ఆ లెక్కన ఉద్యోగిని రాత్రి రెండింటి దాకా సర్టిఫికేషన్ పరీక్షకు చదివించి, పొద్దున్నే ప్రొడక్షన్ సర్వర్ అప్పగించే మేనేజరు తన కంపెనీనే దోచుకుంటున్నాడు.

చట్టాలు ఈమధ్యే ఈ దారికొస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఒక ఆదేశం ప్రకారం, ఆ పని చేయడానికి శిక్షణ ఇచ్చి తీరాలని చట్టమో ఒప్పందమో చెప్పినచోట అది ఉచితంగా ఉండాలి, పనివేళగా లెక్కకు రావాలి, వీలైతే పనివేళల్లోనే జరగాలి. రుమేనియా ఉద్యోగి ఒకరి కేసులో 2021 అక్టోబరులో యూరప్ న్యాయస్థానం, యజమాని పంపిన శిక్షణ డ్యూటీ అయ్యాక వేరేచోట జరిగినా అది పనివేళేనంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఐటీ కంపెనీలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనిగంటల నిబంధనల నుంచే మినహాయింపులిస్తూ వచ్చారు. పనికే గంటల లెక్క లేనిచోట చదువుకు గంటలు అడిగేదెవరు?

ఆఫీసు వేళలోనే నేర్చుకోనిస్తే సరిపోతుందా అంటే, అక్కడా తిరకాసు ఉంది. గూగుల్ వ్యవస్థాపకులు 2004లో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు రాసిన లేఖలో, ఉద్యోగులు 20 శాతం సమయం గూగుల్‌కు బాగా మేలు చేస్తుందని తాము అనుకున్న పని మీద పెట్టమని ప్రోత్సహిస్తామని ఘనంగా చెప్పుకున్నారు. అక్కడ చాలాకాలం పనిచేసిన మరిస్సా మేయర్ తర్వాత గుట్టు విప్పారు: అది నిజానికి 120 శాతం సమయమట, మామూలు పనంతా అయ్యాక చేసుకునేదట.

మన సర్వీసు కంపెనీల్లో ఆఫీసు వేళలో చదువుకోవడానికి మామూలుగా ఒకటే చోటు, బెంచ్. ప్రాజెక్టు లేనివాడికి రోజంతా కోర్సులే. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన నిబంధన ప్రకారం ఏడాదిలో 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులు మించకూడదు. బెంచ్ మీదున్నన్నాళ్లూ రోజుకు కొన్ని గంటలు కంపెనీ పోర్టళ్లలో చదవాలి. మరుసటి నెలలోనే సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు ఉద్యోగులను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. కొత్త పనులకు నైపుణ్యాలు సరిపోకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన ఉద్యోగికి వీడియో పాఠం మీద మనసు ఎలా నిలుస్తుంది? వేళ కంపెనీదే, జీతం కంపెనీదే, అయినా అది చదువులా ఉండదు. కింద గడియారం నడుస్తున్న పరీక్షలా ఉంటుంది. ప్రాజెక్టులో ఉన్నవాడికి చదువుకునే వేళ లేదు, చదువుకునే వేళ ఉన్నవాడికి ఉద్యోగం మీద నమ్మకం లేదు.

సొంత వేళ అనే మాటలో ఇంకో మోసముంది. అది అందరికీ ఒకే కొలతలో ఉండదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు దానికి వెచ్చించేది 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు. తేడా మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. మార్టిన్ చెప్పిన వారానికి 20 గంటల చదువు వారం మొత్తమ్మీద ఆ తేడాలోనే పూర్తవుతుంది, ఇంకా మూడు గంటలు మిగులుతాయి కూడా. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మిక్సీ వేస్తూ ఫోన్‌లో పాఠం వినే అమ్మాయినీ, గది తలుపేసుకుని కూర్చున్న భర్తనూ ఏడాది చివర ఒకే ఫారం మీద ‘స్వయంగా నేర్చుకునే చొరవ’ అనే గడిలో మార్కులేసి పోలుస్తారు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఏది ముఖ్యమన్న దాని మీద ముగ్గురు ఋషులది మూడు మాటలు. రాథీతరుడు సత్యం చాలంటాడు. పౌరుశిష్టి తపస్సు అంటాడు. నాకుడనే మౌద్గల్యుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలే తపస్సు అంటాడు, అంటే తాను చదవడం, ఇంకొకరికి చెప్పడం. ఆ అనువాకమంతటా ఆ రెండూ జంటగానే వస్తాయి. ఒక్కడే తలుపేసుకుని చదివే పద్ధతికి అక్కడ చోటు లేదు. ఆఫీసుల్లో ప్రవచనానికి వాడుక పేరు కేటీ, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. విచిత్రమేమిటంటే అది మనిషి పేపర్లు పెట్టాకగానీ మొదలుకాదు. ఐదేళ్లు పక్క సీట్లో కూర్చుని చెప్పనివన్నీ నోటీసు పీరియడ్‌లో, మనసు కొత్త కంపెనీ మీద పెట్టుకుని, స్క్రీన్ షేర్ చేసి గబగబా అప్పగిస్తాడు.

మొదటి ఋషి చెప్పిన సత్యమే ప్రోగ్రామర్ల దగ్గర ఎక్కువగా తప్పిపోతోంది. సోమవారం స్ప్రింట్ ప్లానింగ్‌లో ఒక టికెట్ వస్తుంది, దానికి కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ తెలిసుండాలి. తీసుకున్నవాడికి రాదు. రాదని చెప్పడు. రెండు పాయింట్లని ఎస్టిమేట్ వేసి, శనివారం రాత్రి యూట్యూబ్‌లో నేర్చుకుని, టైముకి ముగిస్తాడు. ఆ శనివారం ఏ లెక్కలోకీ ఎక్కదు. మేనేజరు దృష్టిలో అది రెండు పాయింట్ల పనిగా స్థిరపడుతుంది. తర్వాతి క్వార్టర్‌లో అలాంటి పనే వచ్చినప్పుడు, ఇంట్లో చంటిపిల్లున్న మరొకరిని ఆ రెండుతోనే కొలుస్తారు. ఒకడి తపస్సు ఇంకొకరి మీద అబద్ధమై పడుతుంది.

దీనికి ఎజైల్ పద్ధతిలో ఏనాడో ఒక దారి పెట్టారు, పేరు స్పైక్. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి ఇంత సమయమని ముందే గిరిగీసి, దాన్నీ పనిగానే బోర్డు మీద పెట్టడం. చాలా టీముల్లో ఆ మాట తెలుసు, వాడుక తక్కువ, ఎందుకంటే నాకిది రాదని స్టాండప్‌లో నోరు తెరిచి చెప్పాలి. పదిహేనేళ్ల సీనియర్ ఒకసారి అలా చెప్పి మూడు రోజుల స్పైక్ వేస్తే, నిన్న చేరిన ఫ్రెషర్‌కు కూడా చెప్పే ధైర్యం వస్తుంది. అప్పుడు మేనేజరు ఆ మూడు రోజులను క్లయింటు దగ్గర అడగాల్సి వస్తుంది. క్లయింటు బిల్లు కట్టనని మొండికేయవచ్చు, కంపెనీ తన మార్జిన్‌లోంచి పెట్టుకోనని అనవచ్చు. బేరం ఎటు తెగినా, ఆ చదువుకు మూడు రోజులు పడుతుందన్న సంగతి మాత్రం ఆ ముగ్గురి మధ్యా బల్ల మీదికొస్తుంది.